ఫోనులో కుంచం ఎంత?



మనకు చోళ్లు కొలవడం తెలుసు. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. కొలత తెలియని మనిషి శుక్రవారం అరకు సంతలో మోసపోతుంది. ఈ మాట మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మన చేతికి ఫోను వచ్చింది. దానికీ కొలతలున్నాయి.

మన అక్క ఒకామె ఫోనులో ఫోటో తీస్తే రావడం లేదు. ఒక దుకాణంలో చూపించింది. "దీని పని అయిపోయింది, కొత్తది కొను" అన్నారట. కాఫీ అమ్మిన డబ్బు ఆమె కొంగులోనే ఉంది. కూతురు వద్దని ఆపి, ఫోను నా దగ్గరకు తెచ్చింది. చూస్తే ఏ రోగమూ లేదు. వీడియోలతో నిండిపోయింది, అంతే! గాదెలో పొల్లు నిండితే కొత్త గాదె కొంటామా? పొల్లు తీసి పారేస్తాం కదా!

ఫోనులో చిన్న కొలత బైట్. ఇంగ్లీషు అక్షరం ఒకటి దాచడానికి ఒక బైట్ చాలు. మన తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి 3 బైట్లు పడతాయి. "అరకు" అని రాయండి. మనకు మూడు అక్షరాలు. ఫోను మాత్రం కొమ్మును విడిగా లెక్కపెడుతుంది. అ, ర, క, కొమ్ము. నాలుగు గుర్తులు. నాలుగు మూళ్లు 12 బైట్లు.

ఇక పెద్ద కొలతలు చూడండి.

1000 బైట్లు 1 కేబీ.
1000 కేబీలు 1 ఎంబీ.
1000 ఎంబీలు 1 జీబీ.

ఒక ఫోటోకు సుమారు 3 ఎంబీలు అనుకోండి. అప్పుడు 1 జీబీలో 300కు పైగా ఫోటోలు పడతాయి. మంచి వీడియో అయితే నిమిషానికే 100 ఎంబీల దాకా తినేస్తుంది. పది నిమిషాలకు 1 జీబీ ఖాళీ! ఫోను ఎందుకు నిండిందో తెలిసిందా?

ఇంకో సంగతి. కొన్ని కంప్యూటర్లు 1000కి బదులు 1024 చొప్పున లెక్కిస్తాయి. అందుకే 64 జీబీ కార్డు అక్కడ 59 చిల్లరగా కనబడుతుంది. గింజలు తగ్గలేదు, కుంచం పెద్దదయింది. కంగారు పడకండి.

రీఛార్జిలో చెప్పే జీబీ కూడా ఇదే కొలత. కాని అది వాడితే అయిపోతుంది. ఫోనులో దాచిన జీబీ గాదె లాంటిది, ఖాళీ చేస్తే మళ్లీ నింపుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ఆధారు, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం ఫోటోలు ముందు పక్కన పెట్టుకోండి. తర్వాతే వీడియోలు తీసేయండి. తీసేసినది మళ్లీ దొరకకపోవచ్చు. పొల్లుతో పాటు విత్తనం పారబోయకూడదు.

ఈ రాత్రి ఫోనులో సెట్టింగులు తెరవండి. స్టోరేజ్ అనే చోట చూడండి. ఎన్ని జీబీలు నిండాయి? ఎన్ని ఖాళీ? పలక మీద రాసుకుని రేపు తీసుకురండి. మీ అంకె మీరే చదివి చెప్పాలి.