యానాము జనసంఖ్యయు, వ్యసనపీడితుల నివాసచికిత్సయు
(వార్షిక మహాసభ రెండవనాటి ఉపన్యాసము)



ఈ మహాసభలో నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు కోరినపుడు, విద్యార్థి వేతనములనుగూర్చి మాటలాడుమందురని తలంచితిని. ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండినవానికి అది తేలికయగు పని. కాని వారు నా కొసగిన విషయము వేఱు. పెండ్లిపందిరివలె నలంకరింపబడిన ఈ సభలో త్రాగుడు మాట ఎత్తుట కొందఱికి రుచింపదని యెఱుగుదును. మన దాతలలో ఆ వ్యాపారముతో సంబంధముగలవారు ఒకరిద్దరున్నారు. వారి విరాళముకూడ ఈ పందిరిలో గలదు. నేను వారిని నిందింప రాలేదు. సహాయ మర్థింప వచ్చితిని.

మన యానాము చిన్న పట్టణము. గౌతమీగోదావరి యొడ్డున, సముద్రమునకు చేరువగా, 30 చదరపు కిలోమీటర్ల నేలలో నిమిడియున్నది. కాకినాడ మనకు సుమారు 30 కిలోమీటర్లు. మనల నేలు పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైబడిన దూరము. 2001వ సంవత్సరపు జనగణనలో మనము 31,394 మందిమి. 2011 నాటికి 55,626 మందిమైతిమి. పదియేండ్లలో నూటికి 77 వంతులు పెరుగుట సామాన్యము గాదు. బిడ్డలు పుట్టుటచేతనే ఏ యూరును ఇట్లు పెరుగదు; వలస వచ్చినవారే యెక్కువయని వేఱుగ చెప్పనక్కఱలేదు. 2021లో జరుగవలసిన గణన సకాలమున జరుగలేదు గావున, ఆ తరువాతి సంగతి మన కన్నులతో చూచుకొనవలసినదే.

ఆ గణనలోనే మఱియొక యంకె గలదు. పురుషులు 27,301, స్త్రీలు 28,325. అనగా వేయిమంది పురుషులకు 1,038 మంది స్త్రీలు. దీనికి కారణ మిదియని నేను చెప్పజాలను. జనగణన లెక్కించునుగాని కారణము చెప్పదు. కాని చేపలగంప నెత్తిన బెట్టుకొని తెల్లవారుజామున సంతకు బోవు మన యాడువారిని చూచినపుడెల్ల, ఈ యూరి సంసారభార మెవరి భుజములపై నున్నదో నాకు తోచుచుండును. పింగాణీ పలకల కర్మాగారము 2012 జనవరి ఘర్షణల తరువాత మూతబడి, ఏండ్లతరబడి తెఱవబడక, వందలకొలది పనివాండ్రు వీథిని బడినపుడును పొయ్యిలో పిల్లి లేవకుండ చేసినవారు వారే.

మన యూరికి సరిహద్దు ఒక వరమును, ఒక శాపమును. 1930లో శారదాచట్టము ఆంగ్లపాలిత దేశమున అమలులోనికి వచ్చినపుడు, ఫ్రెంచివారి యేలుబడిలోనున్న మన యూరికి ఆ చట్టము వర్తింపలేదు. చుట్టుప్రక్కల గ్రామములవారు పసిబిడ్డలకు పెండ్లిండ్లు చేయుటకై ఇచటికి తరలివచ్చిరి. మన యూరికి కల్యాణపురమని పేరు వచ్చెను. 1954లో ఫ్రెంచివారు పోయిరి. సరిహద్దు మాత్రము నిలిచెను. 1995 జనవరిలో ఆంధ్రరాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడువఱకు, మనది నిషేధము లేని నేల. నిషేధము పోయిన పిమ్మటను, పుదుచ్చేరి పన్నులు వేఱగుటచేత చిరకాలము ఇచట సరుకు చౌకగా దొరకెను. పొరుగూళ్లలో నిషేధింపబడిన దానిని మనము అమ్ముట క్రొత్తగాదు. నాడు పెండ్లిండ్లు, నిన్న సీసాలు. పొరుగువారు త్రాగి తమ యింటికి బోవుదురు. మనవారు త్రాగి ఇచటనే యుందురు.

ఇక నా యింటి సంగతి యొకటి మనవి చేసెదను. దానిని నలువురిలో చెప్పుట ఇదియే మొదటిమాఱు.

మా మేనమామ నావసరంగు. వల కట్టుటలో ఆయన చేతికి సాటి లేదని మా పేటలో చెప్పుకొనువారు. నలుబది దాటునప్పటికి ప్రొద్దుననే చుక్క పడనిదే చేయి నిలుచునది గాదు. 1987లో ఆయన కుమార్తెకు సంబంధము కుదిరినది. పెండ్లివారి యెదుట తల వంచుకొనవలసి వచ్చునని పెద్దలందఱు కూడి, ఆయనను గదిలోబెట్టి గొళ్లెము వేసిరి. వారిలో నేనునుంటిని, గొళ్లెము వేసిన చేయి నాదే. మొదటి సాయంకాలము చేతులు వణకినవి, చెమట కారినది. రెండవనాడు మూర్ఛ వచ్చినది. ఆ రాత్రి గోడపై పీతలు ప్రాకుచున్నవని కేకలు వేసెను. గాలి సోకినదని ఒకనిని పిలిచి వేపమండలతో విసరించితిమి. మూడవనాడు తెల్లవారకమునుపే ప్రాణము పోయినది.

పాపము చేసినందుకు దేవుడు శిక్షించెనని పేటలో అనుకొనిరి. నేనును చాలకాల మట్లే అనుకొంటిని. పిదప నొక వైద్యుడు నాకు విప్పి చెప్పెను. ఏండ్లతరబడి నిత్యము త్రాగినవాని నరములు మద్యమునకు అలవాటుపడియుండును. దానిని ఒక్కపెట్టున మాన్పించినచో, తొలి రెండుదినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతిభ్రమ పుట్టి, జ్వరమువచ్చి, గుండె లయ తప్పి ప్రాణము పోవచ్చును. దీనికి మందులున్నవి. డయజిపామ్, క్లోర్‌డయజిపాక్సైడ్ అను మాత్రలను తగిన మోతాదున నిచ్చి దినదినము తగ్గించుకొనివత్తురు. గ్లూకోజుకంటె ముందుగ బి-1 విటమిన్ ఇత్తురు. గొళ్లెము వేసినందున గాదు, గొళ్లెము లోపల వైద్యుడు లేనందున మా మేనమామ పోయెను. త్రాగుబోతును గదిలో బెట్టి మాన్పింతమనుకొనువారు ఈ సభలో ఎవరైన నున్నచో, ఈ యొక్కమాట ఇంటికి గొనిపోవలెనని వేడుచున్నాను.

నివాసచికిత్స యనునది ఈ కారణముచేతనే పుట్టినది. జనులు దానిని డీ-అడిక్షన్ సెంటరని పిలుచుచున్నారు. రోగి అచటనే యుండి, మొదటి వారము పదిదినములు వైద్యుని కనుసన్నలలో శరీరమునుండి విషము దిగుటకు చికిత్స పొందును. అది సులభభాగము. తరువాత మూడువారములు మనస్సునకు చికిత్స. తనవంటివారితో కూర్చుండి తన కథ చెప్పుకొనుట, ఏ వేళ, ఏ స్నేహితుడు, ఏ వీథి తన్ను అంగడికి లాగునో గుర్తెఱుగుట, భార్యను తల్లిని పిలిపించి మాటలాడించుట. కేంద్రప్రభుత్వ సామాజిక న్యాయశాఖవారి ధనసహాయముతో స్వచ్ఛందసంస్థలు నడుపు చికిత్సాలయములలో 15 పడకలవి గలవు; వానిలో పేదలు రుసుము లేకయే చేరవచ్చును. చెన్నపట్టణమున శాంతి రంగనాథన్ గారు, త్రాగుడుచే భర్తను గోలుపోయి, ఆ దుఃఖమునుండియే 1980లో ఒక చికిత్సాసంస్థను స్థాపించి, తరువాత పల్లెలకే శిబిరములు తీసికొనిపోయిరి. ఒక విధవరాలు చేయగలిగిన పనిని ఇంత పెద్ద సంఘము చేయలేదనుట మనకు గౌరవము గాదు.

పేరు పెట్టుకొన్న ప్రతిదియు చికిత్సాలయము గాదని కూడ చెప్పవలెను. నా శిష్యుని ఒకనిని తండ్రి అప్పు చేసి ఒకచోట చేర్పించెను. అచట వైద్యుడు వారమున కొకసారి తొంగిచూచునట. పిల్లవానికి గుండు గీయించి, కఱ్ఱతో కొట్టి, రాత్రులు మంచమునకు గొలుసు వేసిరి. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టము మత్తుపదార్థములవలన గలుగు మనోవ్యాధులను తన పరిధిలోనికి దెచ్చినది. రోగిని గొలుసులతో గట్టుటను సంపూర్ణముగ నిషేధించినది. ఇట్టి సంస్థలు నమోదు గావలెనన్నది. చేర్చుటకు ముందు నమోదుపత్రము చూపుమని అడుగుడు. చూపనిచో వెనుకకు రండు.

ఇపుడు లెక్కకు వత్తము. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నివేదికనుబట్టి, పదియేండ్లనుండి డెబ్బదియైదేండ్ల వయస్సువారిలో నూటికి 2.7 వంతులు మద్యమునకు పూర్తిగ బానిసలు. పురుషులలో త్రాగువారు నూటికి 27. స్త్రీలలో ఇద్దఱైన లేరు. మన యూరి పసివారిని, వృద్ధులను తీసివేసి 45,000 మందిని లెక్కించినచో, దేశపు సగటునుబట్టి సుమారు 1,200 మంది యగుదురు. ఇది నా యంచనాయేగాని గణన గాదు. మన సరిహద్దు సంగతి తలంచినచో తక్కువయని తోచుచున్నది. మఱి అదే నివేదికలో, బానిసలైన 180 మందిలో ఒక్కనికి మాత్రమే ఆసుపత్రిలో నుండి చికిత్స దొరకుచున్నదని గలదు. ఆ చొప్పున మన 1,200 మందిలో ఏడుగురు. తక్కినవారికి గది, గొళ్లెము, వేపమండలు. కుఱ్ఱవాండ్రలో గంజాయియు, నిద్రమాత్రలును ప్రవేశించినవి. దానికి వేఱొక ఉపన్యాసము గావలెను.

ఇన్ని యేండ్లుగా నేను పదునాఱుగురిని వెంటబెట్టుకొనిపోయి చికిత్సకు చేర్చితిని. చేరుటకు వారు చెప్పు అడ్డు ఒక్కటియే: నెలదినములు వేట మానినచో ఇల్లు గడుచు టెట్లు? ఇది సాకు గాదు. అయితే ప్రభుత్వమే మనకొక మార్గము చూపినది. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున మరబోట్ల వేట నిషిద్ధము. నావలు ఒడ్డున నుండును. మగవారు పందిళ్లక్రింద నుందురు. సగము కుటుంబములు అప్పుల పాలగునది ఆ కాలముననే. ఆ రెండునెలలలో ఒక నెల చికిత్సకు బోయినచో కూలి పోదు. ఆ దినములలోనే పెండ్లిండ్లు జరుగును గావున, బావమఱది పెండ్లికి పోనిచ్చినగాని రానని చెప్పువారును గలరు. వారిని మేళము ముగిసిన మఱునాడే బండి యెక్కింపవలెను. నే నట్లు ఇద్దఱి నెక్కించితిని.

పదునాఱుగురిలో ఏడాది దాటి నిలిచినవారు అయిదుగురు. మీరు తక్కువ యనుకొందురేమో. తప్పినవారిలో ఎక్కువమంది తిరిగివచ్చిన మూడునెలలలోపుననే తప్పిరి. వారిలో ఒకడు నాకు శిష్యుడు. చికిత్స ముగించుకొని, బరువెక్కి, తేటపడిన ముఖముతో వచ్చెను. నాలుగవనాడు వేటకు బోయి వచ్చినాడు. సాయంకాలము పాళ్లు పంచుకొనుటకు నావయజమాని ఎక్కడికి రమ్మనెను? మద్యపుటంగడి వసారాకు. అచట చిల్లర దొరకును, బల్లలుండును, అలవాటుగ అందఱు అచటనే చేరుదురు. యజమానికి ఏ దురుద్దేశమును లేదు. కాని తన పాలు తాను పుచ్చుకొనుటకు ఆ పిల్లవాడు ఆ గుమ్మ మెక్కవలసి వచ్చినది. నెలదినముల చికిత్స అరగంటలో పోయినది.

ఈ సభలో ముందువరుసయందు నావయజమానులు కూర్చుండియున్నారు. అందఱు నాకు అన్నలు, బావలు, మామలు. నా మొదటి విన్నపము వారికి. పాళ్లు అంగడివద్ద పంచవలదు. వేలపుపాకవద్దనో, మీ ఇంటి యరుగుమీదనో పంచుడు. ఇంటియాడది వచ్చి అడిగినచో ఆమె చేతికే ఇండు. దీనికి ఒక్క రూపాయియు వ్యయము లేదు.

రెండవ విన్నపము దాతలకు. కల్యాణమండపమునకై మూడేండ్లుగా సమకూర్చిన ధనము నిలువయున్నది. మండపము వలదని నేననను. నా మనుమరాలి పెండ్లియు అందే చేయవలెనని నాకును గలదు. కాని దానినుండి అయిదవవంతు వేఱుపఱచి, రాబోవు వేటనిషేధకాలమున ఇరువదిమందిని నమోదైన చికిత్సాలయమునకు పంపుటకును, వారు వచ్చువఱకు ఇండ్లకు బియ్యము పప్పు ఇచ్చుటకును, వచ్చిన పిమ్మట మూడునెలలు వారమున కొకసారి సంఘమందిరమున వారిని కూర్చుండబెట్టుటకును వినియోగింపుడు. త్రాగుడు మానినవారు తమలో తాము కూడి మాటలాడుకొను పద్ధతి 1935లో అమెరికాలో ఇద్దఱితో మొదలై లోకమంతటను వ్యాపించినది. మనకు అయిదుగురున్నారు. వారిలో ముగ్గురు ఈ పందిరిలోనే యున్నారు. వారి యనుమతి లేక పేర్లు చెప్పను.

సిగ్గుచేత సంఘమువారికి చెప్పుకొనలేనివారు 14446 అను సంఖ్యకు ఫోనుచేసి ప్రభుత్వపు సలహాదారులతో మాటలాడవచ్చును. పిలుచువాని కులమేదని వారడుగరు.

కార్యదర్శిగారు ఈ తీర్మానమును మధ్యాహ్న సమావేశమున మూడవ యంశముగ చేర్చియున్నారు. భోజనానంతరము చాలమంది వెడలిపోవుట మన మహాసభల యాచారము. ఈ యొక్క దినమున మూడవ యంశము తేలువఱకు కూర్చుండుడని ప్రార్థించుచున్నాను. చేయి ఎత్తుటయో, ఎత్తకుండుటయో మీ యిష్టము. నావయజమానులు మాత్రము తమ నిర్ణయమును ఏప్రిలు 15కు ముందే మాకు తెలుపవలెను; బండ్లు మాటలాడుటకు మాకు పదిదినముల వ్యవధి గావలెను.