పిత్తాశయంలో రాళ్ళు: గ్యాసు నొప్పి అనుకోవద్దు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము, ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళం. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఆళ్ళగడ్డలో మా ఖాలాకు వలీమా విందు తిన్న రాత్రల్లా కుడి డొక్కలో నొప్పి వచ్చేది. వీపుకు, కుడి భుజానికి పాకేది. ఇంట్లో అందరం గ్యాసు అన్నాం. సోడా తాగించాం, వాము నమిలించాం. రెండేళ్ళు అలాగే గడిపాం. మగ డాక్టరుకు పొట్ట చూపించాలంటే ఆమెకు సిగ్గు, మాకేమో తీరిక లేదు. చివరకు చలిజ్వరం వచ్చి, కళ్ళు పచ్చబడ్డాక నంద్యాలకు తీసుకొచ్చాం. అప్పుడు కూడా ఒకరు పసరు మందు పోయించమన్నారు!

ఉర్దూలో పిత్తా అంటామే, అదే పిత్తాశయం. కాలేయం కింద అంటుకొని ఉండే చిన్న సంచి. కాలేయంలో తయారైన పైత్యరసం అందులో నిలువ ఉండి, నూనె, నెయ్యి, మాంసం తిన్నప్పుడు పేగులోకి వస్తుంది. ఆ రసంలోని కొలెస్ట్రాలు వంటివి గడ్డకడితే రాళ్ళవుతాయి. ఆడవాళ్ళలో, అందులోనూ కాన్పులైనవారిలో, ఒళ్ళు చేసినవారిలో ఎక్కువ. రాయి సంచి మూతికి అడ్డం పడితే నొప్పి. పక్కకు జారితే కొన్ని గంటల్లో తగ్గుతుంది. జారకపోతే సంచి వాస్తుంది, చీము కూడా పట్టవచ్చు. నాళంలోకి దిగి ఇరుక్కుంటే కామెర్లు. క్లోమం వాచిందంటే ప్రాణం మీదికి రావచ్చు.

డాక్టరు కుడి పక్కటెముకల కింద వేళ్ళతో నొక్కి ఊపిరి పీల్చమంటారు. నొప్పికి ఊపిరి మధ్యలో ఆగితే వాపు అని అనుమానం. ఆపైన రక్తపరీక్ష, అల్ట్రాసౌండు స్కానింగు.

మూత్రపిండాల రాళ్ళకని తాగే ఉలవకట్టు దీనికి పనికిరాదు, ఆ దారి వేరు. నొప్పి పెట్టని రాళ్ళను మామూలుగా ముట్టుకోరు. నొప్పి వస్తుంటే సంచినే తీసేస్తారు. రాళ్ళు మాత్రం తీస్తే మళ్ళీ పుట్టవచ్చు. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే డాక్టరు మొదట ఈ ఆపరేషను చేశారు. 1985లో జర్మనీలోనే ఎరిక్ ముహె చిన్న రంధ్రాల గుండా చేశారు. ఇప్పుడు ఎక్కువగా అదే పద్ధతి. వాపు ఉంటే సెలైను, యాంటీబయాటిక్సు ఇచ్చి, వీలైతే ఆ కొద్ది రోజుల్లోనే చేస్తారు.

"సంచి లేకుంటే తిన్నది ఎట్లా అరుగుతుంది బేటా?" అని ఖాలా అడిగింది. అరుగుతుంది, రసం కాలేయం నుంచి నేరుగా పేగుకు వస్తుంది. ఆమెకు రాయి నాళంలో ఉన్నందున ముందు నోటి గుండా గొట్టం పంపి దాన్ని తీశారు, తర్వాత సంచి. మేము మొదటే కదిలివుంటే ఒక్క ఆపరేషనుతో పోయేది.

ఇంకొక మాట. స్కానింగుకు ఆరేడు గంటల ముందునుంచి ఏమీ తినకూడదు. పొద్దున్నే టీ, బిస్కట్లు కానిచ్చి ఆళ్ళగడ్డలో బస్సెక్కితే నంద్యాలలో మర్నాడు రమ్మంటారు. మాకట్లాగే అయింది.