సాయము ఎవరి గడపకు ఎంత?

(రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



చేనికి ఎరువు ఎంత వేసితిమన్నది ఒక లెక్క. అందులో మొక్క వేరుకు ఎంత అందినదన్నది మరొక లెక్క. ప్రభుత్వము ప్రజలకిచ్చు ఆర్థిక సహాయమునకును ఈ రెండు లెక్కలు కలవు. బడ్జెటులో ఇన్ని కోట్లు కేటాయించిరని పత్రికలలో చదువుచుందుము. ఆ కోట్లలో పెద్ద కమతమునకెంత, చిన్న కమతమునకెంత, సెంటు భూమియైనను లేని ఇంటికెంత అను లెక్కను మాత్రము అరుదుగా వేయుదుము. నేడు ఆ లెక్కను మీతో కలిసి వేయదలచితిని.

సహాయము పంచుటకు ముఖ్యముగా నాలుగు కొలతలు వాడుకలో నున్నవి. ఎకరమునకింత, కుటుంబమునకింత, తలకింత, పనికి వచ్చినవారికింత.

మొదటిది ఎకరముల కొలత. తెలంగాణలో 2018 మే నెలలో ప్రారంభమైన రైతుబంధు ఇట్టిది. ఆనాడు పంటకాలమునకు ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున, ఏటికి 8,000 రూపాయలు పట్టాదారునకు ఇచ్చిరి. ఒక ఊరిలో ముగ్గురు రైతులను ఊహించుకొనుడు. ఒకరికి 1 ఎకరము, మరొకరికి 5 ఎకరములు, ఇంకొకరికి 20 ఎకరములు కలవు. మొదటివారికి 8,000, రెండవవారికి 40,000, మూడవవారికి 1,60,000 రూపాయలు వచ్చును. మొత్తము 2,08,000. ఇందులో ప్రతి 100 రూపాయలకు సుమారు 77 రూపాయలు మూడవవారికే చేరినవి. ఎకరము రైతునకు 4 రూపాయలైనను నిండుగా రాలేదు. ఇందులో ఎవరి మోసమును లేదు. అది ఆ కొలత స్వభావము. సాగు ఖర్చు భూమిని బట్టి పెరుగును గనుక పెట్టుబడికి ఈ కొలతయే సబబని వాదింపవచ్చును. కాని బీదరికము తగ్గించుటయే ఉద్దేశమైనచో ఇది తగిన కొలత కాదు. యూరియా రాయితీయు, ఉచిత విద్యుత్తును ఇట్టివే. ఎక్కువ బస్తాలు కొన్నవానికి ఎక్కువ రాయితీ. బోరు ఉన్నవానికే విద్యుత్తు.

రెండవది కుటుంబముల కొలత. 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ పథకములో ఏటికి 6,000 రూపాయలు మూడు వాయిదాలలో ఇచ్చుట నిర్ణయమైనది. మొదట 2 హెక్టార్ల లోపు వారికే యనిరి; ఆ ఏడే ఆ హద్దు తీసివేసిరి. ఆదాయపు పన్ను చెల్లించువారిని మినహాయించిరి. మన ముగ్గురు రైతులును అర్హులే యనుకొన్నచో ముగ్గురికిని సమానముగా వచ్చును. సొమ్ము సమానమైనను దాని బరువు సమానము కాదు. ఏటికి 60,000 రూపాయల రాబడి గల ఇంటికి అది పదవ వంతు. 6 లక్షల రాబడి గల ఇంటికి నూరవ వంతు.

మూడవది తలల కొలత. 2013 ఆహార భద్రతా చట్టము ప్రకారము కార్డులోని ప్రతి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము. అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు. తినువారు ఎక్కువ, రాబడి తక్కువ అయిన ఇంటికి ఇది మేలు.

నాలుగవది పని కొలత. 2005 ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో అమలులోనికి వచ్చినది. కుటుంబమునకు ఏటికి 100 దినముల పని యని ఆ చట్టము చెప్పినది. కలవారు పలుగు, పార పట్టి ఎండలో మట్టి పనికి రారు. కావున బీదవారెవరో ఏరవలసిన శ్రమ తగ్గినది. అయితే వృద్ధులు, రోగులు ఆ పని చేయజాలరు. వారికి పింఛనే ఆధారము.

ఇక అసలు సంగతికి వచ్చెదను. మొదటి రెండు కొలతలును పట్టా నుండి మొదలగును. ఇతరుల భూమిని కౌలుకు దున్నువాని పేరు ఆ పట్టాలో లేదు. కౌలు, విత్తనము, ఎరువు, కూలి అన్నియు వాడే పెట్టును. వడగండ్లు పడినచో నష్టమును వాడే భరించును. సాయము మాత్రము భూమి యజమాని ఖాతాకు చేరును. ఈ లోటు తీర్చుటకు ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2011లో రుణ అర్హత కార్డులకు చట్టము చేసిరి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టము వచ్చినది. దాని క్రింద ఇచ్చు కార్డు గడువు 11 నెలలు. దానికి యజమాని అంగీకారము అవసరమైనది. అచ్చటనే పని నిలిచిపోవుచున్నది. సంతకము పెట్టినచో భూమి పోవునని యజమానులు భయపడుచున్నారు. ఆ కార్డు పంటకు సంబంధించినదే గాని భూమి హక్కుకు సంబంధించినది కాదు. మీరు పెట్టు ఒక సంతకము వలన మీకు పోవునది లేదు. కౌలుదారునకు బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారము పొందు దారి కలుగును. లేనిచో వాడు వడ్డీ వ్యాపారి గడప ఎక్కవలసినదే.

కావున మీరు చేయదగిన పనులు మూడు. ఒకటి: లబ్ధిదారుల జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదివింపుడు. అర్హుడు తప్పిపోయెనా, అనర్హుడు చేరెనా అను రెండును చూడుడు. మొదటి తప్పే ఎక్కువ బాధాకరము. ఏలయన తప్పిపోయినవాడు సాధారణముగా నోరు లేనివాడు. రెండు: పాసు పుస్తకము, ఆధార్, బ్యాంకు ఖాతాలలో పేరు ఒకే రీతిగా నున్నదో లేదో సరిచూచుకొనుడు. మీ పొరుగున చదువురాని వారికిని చూచి పెట్టుడు. మూడు: మీరు భూమి కౌలుకిచ్చినవారైనచో మీ కౌలుదారునకు కార్డు ఇప్పింపుడు.

ఇకమీదట ఏ కొత్త పథకమును గూర్చి వినినను మొదట ఒక ప్రశ్న వేయుడు: “ఇది ఏ కొలతతో పంచుదురు?” జవాబు తెలిసినచో, ఆ సాయము మీ ఊరిలో ఎవరి గడపకు ఎంత చేరునో మీరే లెక్క కట్టగలరు.