కుదురుగా కూర్చోలేకపోతే

మానసిక వ్యాధికి మందు మొదలుపెట్టిన, మోతాదు పెంచిన కొద్దిరోజులకే మీ ఇంట్లోవారెవరైనా కూర్చోలేక, నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్నారా? “కాస్త కుదురుగా కూర్చోరాదూ!” అని కసరకండి. హాలోపెరిడాల్ వంటి మందులు కొందరికి తెచ్చిపెట్టే ఈ అవస్థను అకథీసియా అంటారు. జబ్బు ముదిరిందని మీరే తేల్చెయ్యవద్దు. మీ అంతట మీరు మందు మానిపించనూ వద్దు. వెంటనే డాక్టరుగారితో చెప్పండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో వారే చూస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందన్నారా, క్షణం ఆలస్యం చెయ్యక ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈలోగా కాఫీ తగ్గించండి. తోడుగా వరండాలో నాలుగడుగులు వెయ్యండి. 4 లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ మెల్లగా వదలమనండి. పిక్కలు 5 సెకండ్లు బిగబట్టి, వదులు చెయ్యమనండి. ఇవి కాస్త ఊరటనిస్తాయే గాని, వైద్యానికి బదులు కావు సుమా!