ఆఖరి దాకా తోడుండడమూ వైద్యమే
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగలాంటి రోజున చావు గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కొంచెం జంకారు. "భోజనాల తర్వాత పెడదామా?" అన్నారు. భోజనాల తర్వాత ఎవరూ ఉండరు కాబట్టి ముందే మాట్లాడుతున్నాను. క్షమించండి.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, 28 ఏళ్ళు చేసి సుబేదారుగా రిటైరయ్యాను. వార్డుల్లో ఎందరో పోవడం చూశాను. అయినా చావు మా ఇంటికే వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

మా అన్నయ్య ఎయిర్‌ఫోర్సులో సార్జెంటుగా రిటైరయ్యాడు. 2009లో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. అప్పటికే కాలేయానికి పాకింది. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఇది ఇక తగ్గే జబ్బు కాదన్నారు. నేను బయటికొచ్చి, "ఏం లేదన్నయ్యా, నిమ్ము చేసింది, తగ్గిపోతుంది" అన్నాను. వదినకూ అదే చెప్పాను. తర్వాత రెండుసార్లు అడిగాడు, "ఒరేయ్, నిజం చెప్పరా" అని. చెప్పలేదు. ఆయనకు ధైర్యమిస్తున్నాననుకున్నాను. నిజానికి ధైర్యం లేనిది నాకే.

చివరి పదకొండు రోజులు ఐ.సి.యు.లో గొంతులో గొట్టంతో గడిపాడు. మాట లేదు. గొట్టం లాగేసుకుంటాడని చేతులు మంచానికి కట్టారు. వదిన రోజుకు పది నిమిషాలు వెళ్ళి చూసి వచ్చేది. అలాగే పోయాడు. ఆ తర్వాత తెలిసింది, సర్వీసు రికార్డులో వదిన పేరు ఒకలా, ఓటరు కార్డులో ఇంకోలా ఉందని. ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె పద్నాలుగు నెలలు తిరిగింది. ప్రతి రసీదూ ఫైలు చేసుకునే మనిషి మా అన్నయ్య. తనకు టైము లేదని తెలిసుంటే ఆ పని తనే చేయించి పోయేవాడు. ఆ అవకాశం నేను లాక్కున్నాను.

అందుకే ఈ విషయం చదివాను, కొంత నేర్చుకున్నాను. హాస్పిస్ అంటే చావడానికి వెళ్ళే చోటు కాదు. జబ్బు నయం కానప్పుడు మనిషికి నొప్పి, ఆయాసం, భయం లేకుండా చూస్తూ, ఇంటివాళ్ళకు కూడా ఆసరా ఇచ్చే వైద్యం అది. పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన వైద్యం, ఇంకా విశాలమైనది. జబ్బు తేలిన రోజు నుంచీ, మామూలు చికిత్సతో పాటే మొదలుపెట్టొచ్చు. హాస్పిస్ అందులో చివరి మజిలీ.

దీనికి బాట వేసినావిడ సిసిలీ సాండర్స్. మొదట నర్సు, తర్వాత సోషల్ వర్కరు, ఆ తర్వాత డాక్టరు అయ్యారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. నొప్పి ఒంటికే కాదు, మనసుకూ, సంసారానికీ ఉంటుందని చెప్పారు. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబైలో వచ్చిన శాంతి అవేదనా సదన్. 1993లో కోళికోడ్‌లో పెట్టిన సంస్థతో ఇంకో మలుపు వచ్చింది. కేరళలో ఊరివాళ్ళే వాలంటీర్లయి, రోగి ఇంటికే వెళ్ళడం అలవాటయింది. మన హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలైంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ కేంద్రాలు కూడా ఉన్నాయి.

ఇక మార్ఫిన్. ఆ పేరు చెబితే ఇళ్ళల్లో భయం. యుద్ధంలో కాలు పోయిన జవానుకు మార్ఫిన్ ఇవ్వడానికి మనం క్షణం ఆలోచించం. మరి మంచంలో అరిచే నాన్నకు ఇవ్వడానికెందుకు సందేహం? డాక్టరు చెప్పిన మోతాదులో, టైము ప్రకారం నోటి ద్వారా ఇస్తే, నొప్పి ఉన్నవాడు దానికి బానిస కావడం చాలా అరుదు. మలబద్ధకం చేస్తుంది, దానికి మందు కూడా తోడుగా ఇస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల లైసెన్సుల తిప్పలు ఎక్కువై ఆసుపత్రులు దీన్ని ఉంచడమే మానేశాయి. 2014లో సవరించాక కొంత సులువైంది.

ఇంకో మాట. ఆఖరి రోజుల్లో అన్నం తినడం లేదని ఇంట్లోవాళ్ళు ఏడుస్తారు. అది పస్తు కాదమ్మా, ఒళ్ళు అడగడం మానేస్తుంది. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తడిగుడ్డతో పెదవులు తడపండి, పక్కన కూర్చోండి.

మన కోరిక మనమే రాసి పెట్టుకునే వీలుంది. దాన్ని లివింగ్ విల్ అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది. 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గజిటెడ్ ఆఫీసరు సంతకం చాలు. ఇది సూదిమందు ఇచ్చి చంపడం కాదు, దాన్ని మన చట్టం ఒప్పుకోదు. బాగయ్యే ఆశ లేనప్పుడు యంత్రాల మీద ఉంచాలా వద్దా అన్నదే ప్రశ్న. అది కూడా రెండు వైద్యుల బోర్డులు చూసి తేలుస్తాయి.

2019లో నా బ్యారక్ మిత్రుడికి అదే జబ్బు వచ్చింది. ఈసారి అతను అడగగానే చేయి పట్టుకుని నిజం చెప్పాను. అతను గోడకేసి తిరిగి చాలాసేపు పడుకున్నాడు. పొద్దున్న లేచి, "పెన్షన్ పుస్తకం పట్రా" అని భార్యతో అన్నాడు. కాగితాలన్నీ సరిచేయించాడు. తమ్ముడితో పదేళ్ళ నుంచీ లేని మాటలు కలిపాడు. రెండు నెలలు నొప్పి లేకుండా ఇంట్లోనే ఉన్నాడు. పోయేటప్పుడు మనవరాలు పక్కనే ఉంది. ఆశ వదులుకున్నాడా? లేదు, బతకాలన్న ఆశ కాస్తా బాగా పోవాలన్న ఆశ అయింది.

మన సంఘానికి నా మనవి ఒక్కటే. కదలలేని సభ్యుడి ఇంటికి వారానికి రెండు గంటలు వెళ్ళడానికి ఒక జట్టు కావాలి. అందులో మొదటి పేరు నాది రాసుకోండి. గాయపడ్డవాణ్ణి పోస్టులో ఒంటరిగా వదిలి రాకూడదని మనకు యూనిట్‌లో నేర్పారు. రిటైరైనంత మాత్రాన ఆ మాట చెల్లకుండా పోదు.

జైహింద్.