కళాశాల ఎంపిక – మన హక్కు



దేవరగట్టు పరిసర గ్రామాలలోనూ, ఆదోని, ఎమ్మిగనూరులలోనూ ఇంటర్ ఫలితాలు వెలువడగానే కళాశాలల ప్రకటనలు మన ఇళ్ళకు చేరుతాయి. వాటిలోని ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్క విద్యార్థిది. మనం అడగవలసినది మధ్యస్థ వేతనం. ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులకు పోటీపడే సంస్థలు ఆ వివరాన్ని వెల్లడిస్తాయి.

కంపెనీల వాటాల జారీ, విలీనాలు చూసే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు ప్రధానంగా ఐ.ఐ.ఎం.ల వంటి కొద్ది సంస్థల నుండే పట్టభద్రులను ఎంచుకుంటాయి. ఇండోర్ ఐ.ఐ.ఎం. 2011 నుండి ఇంటర్ తర్వాతే చేరగల ఐదేళ్ళ కోర్సు నడుపుతోంది.

అక్కడ మన రాష్ట్రపు 4 శాతం బి.సి.–ఇ కోటా వర్తించదు, కేంద్ర ఓ.బి.సి. జాబితాయే ప్రమాణం. అందులో లేని కుటుంబాలు, ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడి, 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటాకు అర్హులు. ఆ ధ్రువపత్రాన్ని దరఖాస్తు గడువుకు ముందే తహసీల్దారు కార్యాలయం నుండి పొందుదాం. హక్కు తెలియనందున మన బిడ్డ సీటు చేజారరాదు.