ఒక్క ప్రశ్న మీద కట్టిన మంత్రివర్గం



ప్రకాశం పంతులు గారి స్మారకోపన్యాసం అనగానే సైమన్ కమిషన్ రోజుల్లో మద్రాసు వీధిలో తుపాకులకు ఎదురు నిలిచిన మనిషి కళ్లముందుకు వస్తాడు. ఆ కథ బడి పిల్లలకు కూడా తెలుసు. ఈ సాయంత్రం నేను ఆయన జీవితంలో మనం తక్కువగా చెప్పుకునే భాగాన్ని ఎంచుకున్నాను. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయి, ఏడాది తిరగకుండానే సొంత పార్టీ శాసనసభ్యుల చేతుల్లోనే పదవి పోగొట్టుకున్నారు. 1952లో ప్రభుత్వం గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు, పదమూడు నెలలకు దిగిపోయారు. ఈ మూడింటిలో చివరి రెండూ పొత్తు మంత్రివర్గాల కథలు. మనకు ఇప్పటికీ పనికివచ్చేవి అవే.

1952 ఎన్నికల తర్వాత మద్రాసు శాసనసభలో స్థానాలు 375. కాంగ్రెస్‌కు వచ్చినవి 152. సగం దాటాలంటే 188 కావాలి. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడిపోయారు. బెజవాడ గోపాలరెడ్డి ఓడిపోయారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. కమ్యూనిస్టులు 62 స్థానాలతో రెండో పెద్ద పక్షంగా నిలిచారు, వారి బలంలో పెద్ద భాగం తెలుగు జిల్లాలదే. ప్రకాశం గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి 35 వచ్చాయి. కాంగ్రెసేతరులు కలిసి సంయుక్త ప్రజాస్వామ్య కూటమి కట్టి, పంతులు గారిని నాయకుడిగా ఎన్నుకుని, 166 మంది తమవైపు ఉన్నారని గవర్నరుకు చెప్పారు.

ఇద్దరిలో ఎవరికీ సగం లేదు. ఒకరు ఒంటరిగా ఉన్న పెద్ద పార్టీ, మరొకరు ఎన్నికల తర్వాత కలిసిన పెద్ద గుంపు. ఎవరిని ముందు పిలవాలి? గవర్నరు శ్రీప్రకాశ రాజగోపాలాచారిని పిలిచారు. రాజాజీ ఆ ఎన్నికల్లో పోటీయే చేయలేదు. ఆయన్ని శాసనమండలికి నామినేట్ చేసి, 1952 ఏప్రిల్ 10న ప్రమాణ స్వీకారం చేయించారు. నామినేషన్ చెల్లదంటూ కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి హైకోర్టుకు వెళ్లారు, అక్కడ నిలవలేదు. న్యాయస్థానంలో నిలవనంత మాత్రాన ఆ పని సవ్యమైపోదని నా నమ్మకం. ప్రజల ఓటు అడగని మనిషిని ప్రజల సభకు నాయకుడిగా తెచ్చి కూర్చోబెట్టిన రోజు అది. రాజాజీ మేధను నేను ఎంత గౌరవించినా ఈ మాట మార్చుకోలేను.

ఇక ఆ మంత్రివర్గం కూర్పు చూడండి. ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో బలమున్న కామన్‌వీల్ పార్టీ గెలిచింది ఆరు స్థానాలు. దాని నాయకుడు మాణిక్యవేలు నాయకర్‌కు రెవెన్యూ శాఖ దక్కింది. రామనాథపురం సేతుపతి కూడా మంత్రి అయ్యారు. తెలుగు వైపు నుంచి పట్టాభిరామారావు, సంజీవయ్య వంటివారు చేరారు. జూలైలో సభ విశ్వాసం అడిగేనాటికి 200 మంది రాజాజీ వైపు, 151 మంది ఎదురు. వేసవి మొదట్లో 152గా ఉన్న బలం వానలు పడేసరికి 200 అయింది. సాధారణంగా మెజారిటీ ఉంటే మంత్రివర్గం ఏర్పడుతుంది. ఇక్కడ మంత్రివర్గమే మెజారిటీని తయారు చేసుకుంది. శాఖ పంపకం పాలన కోసం కాక బలం కూడగట్టడం కోసం జరిగితే, మంత్రికి తన శాఖ కంటే తన వెనకున్న తలల సంఖ్యే ముఖ్యమవుతుంది. కామన్‌వీల్ ఓటర్లు ఆ ఆరుగురినీ కాంగ్రెస్‌కు ఎదురుగా నిలబెట్టి గెలిపించారు. వాళ్లను మళ్లీ అడిగినవారు లేరు.

కూటమి వైపు తప్పు లేదా అంటే ఉంది. 166 మందిని కలిపినది కాంగ్రెస్ మీద కోపం ఒక్కటే. భూమి గురించి కమ్యూనిస్టుల మాటకూ, మిగతా పక్షాల మాటకూ పొంతన కుదిరిందన్న దాఖలా ప్రజలకు ఎవరూ చూపలేదు. గవర్నరుకు ఇచ్చిన జాబితాలో పేర్లు ఉన్నాయి. చేయబోయే పనులు కూడా అంతే స్పష్టంగా ఉండి ఉంటే, ఆయనకు కాదనడం ఇంకా కష్టమయ్యేది.

పద్దెనిమిది నెలలు గడిచాయి. పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కొత్త ఎన్నికలు లేవు. మద్రాసు సభలోని 140 మంది తెలుగు సభ్యులే కొత్త సభ. అందులో కాంగ్రెస్ సొంత బలం సగానికి చాలా దూరం. కమ్యూనిస్టులు దాదాపు సరిసమానంగా ఎదురు నిలబడి ఉన్నారు. నిన్నటిదాకా కాంగ్రెస్‌ను ఎదిరించిన ప్రకాశం గారు ఆ కాంగ్రెస్ మద్దతుతోనే ముఖ్యమంత్రి అయ్యారు. అందుకోసం, అప్పటికి తన పార్టీ కలిసిపోయిన ప్రజా సోషలిస్టు పార్టీని వదులుకున్నారు. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. తెన్నేటి విశ్వనాథం ఆర్థిక మంత్రి. కడప కోటిరెడ్డి, సంజీవయ్య, పట్టాభిరామారావు తోటి మంత్రులు.

ఈ కూర్పును తేలిగ్గా తీసిపారేయకూడదు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మాట ఇందులో నిలబడింది. రాజధాని రాయలసీమకు వెళ్లింది, మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరుకు వచ్చింది. ముఖ్యమంత్రి కోస్తా మనిషి, ఉపముఖ్యమంత్రి సీమ మనిషి. కోటిరెడ్డి గారు ఆ ఒడంబడిక మీద సంతకం పెట్టినవారిలో ఒకరు. ప్రాంతాల మధ్య పదహారేళ్ల కింద రాసుకున్న కాగితాన్ని అధికారం చేతికొచ్చాక కూడా గౌరవించారు. తెలుగు రాజకీయాల్లో ఇది అరుదైన సంగతి, గర్వించదగ్గ సంగతి.

ప్రాంతాల మధ్య కాగితం ఉంది. పార్టీల మధ్య మాత్రం లేదు. ఆ మంత్రివర్గంలో అందరూ ఒప్పుకున్న ప్రశ్న ఒక్కటే, ఆంధ్ర రాష్ట్రం నిలబడాలా వద్దా అన్నది. అది తీరిపోయింది. రెండో ప్రశ్న మద్యనిషేధం రూపంలో వచ్చింది. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టిన నిషేధం తర్వాత రాష్ట్రమంతా పాకింది. తాటిచెట్టు మీద బతికే గీత కుటుంబాలకు కూడు పోయింది, దొంగ సారా మాత్రం పోలేదు. ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమని చెప్పింది. కాంగ్రెస్‌కు అది గాంధీ గారి మాట, వదలలేదు. గీత కార్మికుల కోసం కృషికార్ లోక్ పార్టీ నాయకుడు గౌతు లచ్చన్న గట్టిగా పట్టుబట్టారు. కమ్యూనిస్టులు సందు చూసుకున్నారు. కమిటీ సిఫారసు ఒకవైపు, తనను నిలబెడుతున్న పార్టీ పట్టుదల మరోవైపు. వాటి మధ్య ముఖ్యమంత్రికి సొంతంగా నిర్ణయించే చోటు లేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఆ ఒక్క ఓటు ఎవరిదన్న చర్చ చాలాకాలం నడిచింది. నాకు ఆ చర్చలో ఆసక్తి లేదు. గీత వృత్తివారి బతుకు గురించి ఏం చేయాలో 1953 సెప్టెంబరులోనే కూర్చుని తేల్చుకుని ఉంటే, ఆ ఓటు అవసరమే వచ్చేది కాదు.

1955 ఫిబ్రవరిలో కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ముందుగానే కలిసి, సీట్లు పంచుకుని ఓటరు దగ్గరికి వెళ్లాయి. 196 స్థానాల్లో 146 గెలిచాయి. కమ్యూనిస్టులకు 15 మిగిలాయి. గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ముందు చెప్పిన పొత్తుకూ, తర్వాత కుట్టిన పొత్తుకూ ఉన్న తేడాను ఓటరే చూపించాడు. 1988లో సర్కారియా కమిషన్ ఎవరికీ సగం రానప్పుడు ఎవరిని పిలవాలో గవర్నర్లకు సూచించిన వరుసలో ఎన్నికల ముందు పొత్తు మొదటి స్థానంలో ఉంది.

తర్వాత వచ్చిన చట్టాలు కొన్ని తలుపులు మూశాయి. 1985 నాటి ఫిరాయింపుల నిషేధం ఒకటి. మంత్రుల సంఖ్య సభలో 15 శాతం దాటకూడదన్న 2003 నాటి 91వ సవరణ ఇంకొకటి. 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మంది దాటలేరు. 2024 జూన్‌లో తెలుగుదేశం ఒంటరిగానే 135 గెలిచి కూడా, ఎన్నికల ముందు పొత్తును నిలుపుకుంటూ జనసేనకు మూడు, బీజేపీకి ఒక మంత్రి పదవి ఇచ్చింది. అవసరం లేకపోయినా మాట నిలబడటం మంచిదే. ఎవరికి ఎన్ని పదవులన్నది అందరికీ తెలుసు. ఏ పొత్తు ప్రభుత్వమైనా, విభేదం వస్తే ఏ అంశాన్ని ఎక్కడ కూర్చుని, ఎన్నాళ్లలో తేల్చుకుంటారన్నది కూడా రాసి, శాసనసభ తొలి సమావేశంలోనే సభ ముందు పెట్టాలని నేను కోరుతున్నాను. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయంలో ఇద్దరు బీజేపీ మంత్రులు తెలుగుదేశం నడిపిన రాష్ట్ర మంత్రివర్గం నుంచి వైదొలగినప్పుడు అలాంటి పత్రం జనం చేతిలో ఉండి ఉంటే, ఎవరు మాట తప్పారో పార్టీలను అడగకుండానే చదువుకుని తెలుసుకునేవారు.